హైదరాబాదునుండి చికాగో యెంత దూరము?

"ఎంత దూరము?" అను ప్రశ్న మానవుడు నడక నేర్చిన దినముననే పుట్టియుండును. మన పెద్దలు దానికి చెప్పిన యుత్తరములు చక్కనివి. పొలము కూతవేటు దూరము; అనగా నిచ్చటనుండి పిలిచిన నచ్చట వినబడును. పొరుగూరు క్రోసెడు దూరము. సంత పూట ప్రయాణము. చుట్టముల యూరు రెండామడలు. ఈ కొలతలలో మనుష్యుని గొంతుకయో, కాలో, ఎద్దుబండియో దాగియున్నది. నేటి కొలత యట్టిది కాదు. అందు అంకె తప్ప మఱేమియు లేదు. ఆ యంకె సత్యమైనదే. కాని యది యెంతవఱకు మనతో వచ్చును, ఎచ్చట మనలను విడిచిపోవును అను సంగతిని విచారించుటకు నేనీ వ్యాసమును వ్రాయుచున్నాను.

నేను ఉన్నత పాఠశాలలో గణితమును, భూగోళమును బోధించువాడను. మా యన్నగారు 2011 వ సంవత్సరమున ఉద్యోగార్థమై అమెరికాలోని చికాగో నగరమునకు వెళ్లి, అచ్చటనే కాపురముండిరి. ఆయన వెళ్లిన క్రొత్తలో నొకనాటి సాయంకాలము మా తల్లిగారు చేటలో బియ్యము పోసికొని రాళ్లేరుచు, "నాయనా, మీ అన్న ఉండే ఊరు ఎంత దూరం?" అని యడిగిరి. నేను లెక్కకట్టి, హైదరాబాదునుండి సుమారు 13,300 కిలోమీటర్లని చెప్పితిని. ఆమె చేయి నిలుపకయే, "ఆ లెక్క నాకేం తెలుస్తుంది? ఎన్ని రాత్రుల దారో చెప్పు" అనిరి.

ఆ మాట నా మనస్సున నాటుకొనిపోయెను. ఎన్ని కిలోమీటర్లు అనునది భూమి నడుగు ప్రశ్న. ఎన్ని రాత్రులు అనునది మనుష్యుల నడుగు ప్రశ్న. రెండింటికిని ఉత్తరములు కలవు; రెండును ఒకటి కావు.

తొలుత భూమి చెప్పు నుత్తరమును విందము. మా తరగతి గదిలో 30 సెంటీమీటర్ల వెడల్పు గల గ్లోబు కలదు. దాని చుట్టుకొలత 94 సెంటీమీటర్లకు కొంచెము మించును. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కావున గ్లోబుపై నొక సెంటీమీటరు భూమిపై సుమారు 425 కిలోమీటర్లగును. ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలబాలికలను బల్లచుట్టు నిలువబెట్టి, నూలుదారపు ఒక కొనను హైదరాబాదుపైనను, రెండవ కొనను చికాగోపైనను ఉంచి, వదులు లేకుండ బిగించి పట్టుడని చెప్పితిని. దారము అరేబియా మీదుగా పడమటికి పోవునని వారందఱు ఎదురుచూచిరి. అది అట్లు పోలేదు. హైదరాబాదునుండి దాదాపు నిట్టనిలువుగ నుత్తరమునకు సాగి, పంజాబును, కాశ్మీరపు కొండలను దాటి, కజకిస్థాను మైదానముల మీదుగ రష్యాలోని యూరలు పర్వతములను చేరి, మంచుసముద్రమున స్వాల్బార్డు ద్వీపములను తాకి, గ్రీన్లాండు ఉత్తర భాగమున మంచుగడ్డలపై వాలి, హడ్సను అఖాతపు తూర్పు తీరమువెంట దిగి చికాగో చేరినది. కొలిచి చూడగా దారము పొడవు 31 సెంటీమీటర్లకు పైచిలుకు. 425 చేత హెచ్చించిన 13,300 వచ్చును.

అప్పుడొక బాలిక, "మాష్టారూ, అమెరికా పడమట ఉంది కదా, దారం ఉత్తరానికి ఎందుకు పోయింది?" అని యడిగెను. ఇది మంచి ప్రశ్న. దీనికి సమాధానము మన గోడకు వ్రేలాడు దేశపటములో దొరకదు. ఆ పటమే యీ సందేహమునకు కారణము. గుండ్రని భూమిని చదునైన కాగితముపై పఱచినపుడు ఎచ్చటనో యొకచోట సాగదీయక తప్పదు. 1569 లో మెర్కేటరు అను పటకారుడు నావికుల యుపయోగార్థమై రచించిన పద్ధతి దిక్కులను సరిగా చూపును గాని, ధ్రువముల వైపు పోయినకొలది దేశములను పెద్దవిగా చేయును. అందు గ్రీన్లాండు ఆఫ్రికా యంతగా కానవచ్చును. నిజమునకు ఆఫ్రికా దానికి పదునాలుగు రెట్లు పెద్దది. ఆ పటముపై రూళ్లకఱ్ఱ పెట్టి హైదరాబాదునుండి చికాగోకు గీత గీసినచో, అది అరేబియా యెడారిని, సహారాను, అట్లాంటికు సముద్రమును దాటిపోవును. చూచుటకది తిన్నని దారి. నడిచిన నది సుమారు 16,100 కిలోమీటర్లు. దారము చూపిన దారికంటె 2,800 కిలోమీటర్లు అధికము. హైదరాబాదునుండి ఢిల్లీకి విమానమున పోయి మఱల వచ్చినను అంత దూరము కాదు.

గోళముపై రెండు బిందువులను కలుపు నతి పొట్టిదారి యెల్లప్పుడును మహావృత్తపు ముక్కయే. గోళమును సరిగా రెండు సమభాగములుగ కోయు వృత్తమునకు మహావృత్తమని పేరు. గ్లోబు లేనివారు ఇంట నొక బత్తాయిపండుపై రెండు చుక్కలు పెట్టి, దారము బిగించి చూడవచ్చును. చుక్కలు రెండును పండు పైభాగమున ఎదురెదురుగా నున్నచో దారము తొడిమ ప్రక్కనుండియే పోవును. హైదరాబాదు, చికాగో నగరములును ఇంచుమించు అట్లే యున్నవి. హైదరాబాదు తూర్పు రేఖాంశము 78½ డిగ్రీల యొద్దను, చికాగో పడమటి రేఖాంశము 88 డిగ్రీల యొద్దను ఉన్నవి. రెంటికిని నడుమ 166 డిగ్రీలకు పైగా ఎడము. కావుననే దారము భూమి తొడిమ దాపునకు, అనగా 79 వ ఉత్తర అక్షాంశము వఱకు, ఎక్కి దిగవలసివచ్చినది.

దారము లేకయే యీ దూరమును లెక్కకట్టు విధానమును పై తరగతులవారు నేర్చుకొందురు. రెండు నగరముల అక్షాంశ రేఖాంశములు తెలిసినచో, భూకేంద్రమునొద్ద వాటినడుమ నేర్పడు కోణము తెలియును. ఇచ్చట నది సుమారు 119½ డిగ్రీలు. ఒక డిగ్రీకి సుమారు 111.2 కిలోమీటర్లు. హెచ్చించి చూచుకొనుడు. ఈ లెక్కకు కావలసిన సైను పట్టిక మనకు పరాయిది కాదు. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతమున జ్యాపట్టికను కూర్చెను. ఆ జ్యా అను మాటయే అరబ్బుల చేతులలోబడి రూపు మాఱి, లాటినులోనికి పోయి సైను అయినది.

భూమి కొలతయు మన నేలపై జరిగినదే. 1802 లో లాంబ్టను అను సర్వేయరు మద్రాసునొద్ద పరంగికొండ సమీపమున ఉక్కుగొలుసుతో నొక ఆధారరేఖను కొలిచి మహాత్రికోణ సర్వేను ప్రారంభించెను. అట్టి ఆధారరేఖలు తరువాత గుత్తియొద్దను, బీదరు ప్రాంతమునను కూడ కొలువబడినవి. 78 వ రేఖాంశము వెంట ఉత్తరమునకు సాగిన యీ కొలతల మూలమున భూమి నిండుగోళము కాదనియు, ధ్రువములయొద్ద కొంచెము అణగియున్నదనియు మఱింత స్పష్టముగ లెక్కకు వచ్చెను. భూమధ్యరేఖయొద్ద వ్యాసార్ధము 6,378 కిలోమీటర్లు, ధ్రువములయొద్ద 6,357. ఈ 21 కిలోమీటర్ల భేదమువలన మన దూరపు లెక్క కొన్ని పదుల కిలోమీటర్లు అటునిటు మాఱవచ్చును. ఎండలోను, జ్వరములలోను గొలుసులు మోసిన కూలీల పేర్లు ఎచ్చటను మనకు వినరావు గాని, నేడు విమానము నడుపువాడు నమ్ము అంకెలో వారి చెమట కలదు.

ఇక మా తల్లిగారి ప్రశ్నకు వత్తము. అమెరికాకును తెలుగు దేశమునకును నడుమ ఎన్ని రాత్రుల దారి? 1841 అక్టోబరులో బోస్టను రేవున ఓడనెక్కిన హేయరు దొరగారు 1842 జూలై 31 న గుంటూరు చేరిరి. దారిలో ఆగిన దినములను కలుపుకొని తొమ్మిది మాసములకు పైగా పట్టెను. ఆ కాలమున ఓడలు ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి రావలసియుండెను. సూయజు కాలువ 1869 లో గాని తెఱువబడలేదు. 1948 జూన్ 8 న ఎయిరిండియా వారి తొలి విదేశ విమానము బొంబాయినుండి బయలుదేరి, కైరోలోను జెనీవాలోను ఆగి లండను చేరెను. 1960 మే 14 న ఆ సంస్థవారి విమానములు లండను మీదుగ న్యూయార్కునకు పోసాగెను. 2021 జనవరి 15 న హైదరాబాదునుండి చికాగోకు ఎచ్చటను ఆగని విమానము మొదటిసారి బయలుదేరెను. దానికి పట్టు కాలము సుమారు పదియాఱు గంటలు. తొమ్మిది మాసములు పదియాఱు గంటలైనవి. ఈ నడుమ భూమి యొక్క అంగుళమైనను కుంచించుకొనలేదు. కుంచించినది మనుష్యుల పని.

ఈ పని యెంత కష్టమో తెలియవలెనన్న, దారము చూపిన దారికిని విమానము పోవు దారికిని గల భేదమును చూడవలెను. మొదటి చిక్కు ఇంధనము. బోయింగు 777-200 ఎల్ఆర్ అను పెద్ద విమానము సుమారు 1,80,000 లీటర్ల యింధనమును నింపుకొనగలదు. నిండుగ నింపి లేచు సమయమున దాని బరువులో మూడవ వంతునకు మించి యింధనమే. దూరము పెరిగినకొలది, ఇంధనమును మోయుటకే మఱికొంత యింధనము కావలసివచ్చును. దూరదేశపు ప్రయాణమునకు బియ్యము మోయు కావడివాడు ఆ బియ్యమునే దారిలో వండుకొని తినవలసినట్లుండును.

రెండవది గాలి. నేలకు పది కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు మహావేగముగ వీచు వాయుప్రవాహములు కలవు. జపాను దేశీయుడగు ఓయిషి 1920 దశకమున బెలూనులను ఎగురవేసి వీనిని కనుగొనెను. ఇవి అనుకూలించినచో ఏటివాలు, ఎదురైనచో ఎదురీత. 2020 ఫిబ్రవరిలో నొక విమానము గాలివాటున న్యూయార్కునుండి లండనుకు 4 గంటల 56 నిమిషములలో చేరెను. అదే దారిన తిరిగి పోవువారికి సాధారణముగ ఏడు గంటలు పట్టును. ఇచ్చట కిలోమీటర్లు పోవునపుడును వచ్చునపుడును సమానమే. గంటలు మాత్రము సమానము కావు.

మూడవది కొండలు. విమానములోని గాలియొత్తిడి అకస్మాత్తుగ తగ్గినచో, ప్రయాణికులు ఊపిరాడుటకై విమానమును సుమారు మూడు కిలోమీటర్ల యెత్తునకు దింపవలెను. ఏడు, ఎనిమిది కిలోమీటర్ల యెత్తు గల శిఖరములపై అట్లు దిగుటకు చోటేది? కావున దారము నిర్భయముగ దాటిన కారకోరం కొండలను విమానములు సాధ్యమైనంతవఱకు తప్పించుకొని పోవును.

నాలుగవది అన్నిటికంటె కఠినమైనది. అది గ్లోబుపై కనబడనిది. ఆకాశమునకును పొలిమేరలు కలవు. 2022 లో ఉక్రెయిను యుద్ధము పుట్టిన పిదప రష్యా తన యాకాశమును అమెరికా, ఐరోపా సమాజపు దేశముల విమానములకు మూసివేసెను. మన దేశపు విమానములకు మూయలేదు. 2025 ఏప్రిలులో పాకిస్థాను మన విమానములకును, మనము వారి విమానములకును ఆకాశమును మూసితిమి. కావున అవే రెండు నగరములకు నడుమ, విమానపు తోకపై నున్న జెండాను బట్టి దారి పెరుగుటయు తరుగుటయు కలదు. భూమి చెప్పిన అంకెను దేశములు దిద్దుచున్నవి.

దూరము మనుష్యుల చేతిలో నున్నదను సత్యమును నేను పుస్తకములందు కాక నా యింటనే నేర్చుకొంటిని. 2020 లో మహమ్మారి కారణమున మార్చి 23 నుండి మన దేశమునకు రాకపోకలు చేయు విదేశ ప్రయాణిక విమానములు నిలుపబడెను. మే 7 నుండి చిక్కుపడిన వారికొఱకు ప్రత్యేక విమానములు నడిచినవి గాని, వాటిలో చోటు దొరకుట దుర్లభము. దొరకి దిగినవారికిని ఏకాంతవాసపు గడువుండెను. అట్టి సమయమున జూన్ 12 తెల్లవాఱుజామున మా తండ్రిగారు గుండె నిలిచి పరమపదించిరి. చికాగోలో నప్పటికింకను ముందటి దినపు సాయంకాలము. మా యన్నగారు విమానమున చోటుకొఱకు చేయని ప్రయత్నము లేదు. వరుసలో వారి వంతు వచ్చునాటికి వారములు గడచును.

నేను ఫోనును చేతబట్టుకొని నిలిచితిని. అందు మా యన్నగారు అంత్యక్రియలను చూచిరి. భూగర్భపు తీగలలో కాంతిరూపమున పోవు మాటకు 13,300 కిలోమీటర్లు రెప్పపాటు కూడ కాదు. ఆయన యేడ్పు మాకు వెంటనే వినబడెను. మా తల్లిగారు పిలిచిన పిలుపు ఆయనకు వెంటనే వినబడెను. మన పెద్దల కొలతలో చెప్పవలెనన్న నదియు కూతవేటు దూరమే. కాని తండ్రి పాడె పట్టుటకు కావలసిన చేతులు మాత్రము రాలేకపోయినవి. ఆ దినమున గ్లోబుపై దారము మునుపటి పొడవుననే యుండెను.

ఆ రాత్రినుండి మా తల్లిగారు గోడనున్న క్యాలెండరుపై దినమునకొక సున్న చుట్టసాగిరి. సంవత్సరము మాఱి క్రొత్త క్యాలెండరు వచ్చినను పాతదానిని దింపనీయలేదు. హైదరాబాదునకు క్రొత్తగా వచ్చుచున్న ఆ విమానముననే మా యన్నగారు 2021 ఫిబ్రవరి 19 న ఇల్లు చేరిరి. తండ్రిగారి పటమునకు మ్రొక్కి చాలసేపు అచ్చటనే కూర్చుండిరి. సాయంకాలము మా తల్లిగారు నన్ను పిలిచి, "ఎన్ని రాత్రుల దారో అప్పుడు నువ్వు చెప్పలేదు. రాసుకో నాయనా, రెండు వందల యాభై రెండు" అనిరి. ఆ లెక్కను నేను సరిచూచితిని. అది తప్పలేదు.

విద్యార్థులారా! మీలో పెక్కుమందికి దూరదేశముననున్న యన్నలో, అక్కలో, పినతండ్రులో ఉన్నారు. రేపు మీరును పోవచ్చును. అందుచేత దూరమును రెండు విధముల కొలుచుట నేర్చుకొనుడు. మొదటిది దారముతోను, జ్యాపట్టికతోను కొలుచునది. దానిని శ్రద్ధతో నేర్వనివాడు పటముపై నున్న తిన్నని గీతను చూచి మోసపోవును. 13,300 అయిన దారిని 16,100 అనుకొనును. రెండవది ఇంట నెదురుచూచువారి రాత్రులతో కొలుచునది. దానిని నేర్వనివాడు లెక్కలో మొదటివాడైనను తన యింటిలో పరాయివాడగును.

భూమి మన కిచ్చిన దూరము మన చేతిలో లేదు. ఈ గోళముపై ఏ రెండు నగరములును 20,000 కిలోమీటర్లకు మించి యెడముగ నుండజాలవు. అది మనకు దేవుడు విధించిన హద్దు. ఆ హద్దునకు లోబడి తొమ్మిది మాసములను పదియాఱు గంటలుగ చేసినవారు మనుష్యులు. వారిలో గొలుసు మోసిన కూలీయు, కాలువ త్రవ్వినవాడును, యంత్రము బిగించినవాడును, గాలిని పరీక్షించినవాడును ఉన్నారు. పదియాఱు గంటలను మఱల రెండు వందల రాత్రులుగ చేయునవి వ్యాధులును, వైరములును. మీలో కొందఱు విమానములను నిర్మింతురు, కొందఱు నడుపుదురు, కొందఱు అధికారులై దారులు తెఱచుటకును మూయుటకును ఆజ్ఞలు వ్రాయుదురు. ఏ పని చేసినను, మీరు వ్రాయు ప్రతి యంకె వెనుకను ఎచ్చటనో యొక తల్లి రాత్రులు లెక్కించుచున్నదని మఱవకుడు.